కారణాలు కోసేసిన పేజీ

చదువు రానివాడు కావాలి

అచ్చుపనిలో చేరదామనుకునే, బర్మాలో మన పజుండౌంగ్ పేట కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చి మెషీన్ల గురించి అడుగుతారు. మెషీన్ ఎవడికైనా కొన్నాళ్లలో పట్టుబడుతుంది. ఆ పని అసలు ఎలాంటిదో చెప్పమంటే మాత్రం కాస్త కూర్చోవాలి.

నన్ను పనిలోకి తీసుకున్నది నాకు చదువు రాదని. మా నాయన గంజాం నుంచి వచ్చి వాగు ఒడ్డున బియ్యం మిల్లులో మూటలు మోసినవాడు. సైన్యం గద్దెక్కాక మన వీధుల్లో సగం కొంపలు ఖాళీ అయ్యాయి. తిరిగి గంజాం వైపు ఓడెక్కినవాళ్లు ఎక్కారు. అక్కడికి పోయి ఏం మొయ్యాలో తెలీక మా నాయన ఉండిపోయాడు. నన్ను బడికి పంపలేదు. పెద్దవాణ్ణయ్యాక లత పేటలో ఒక ప్రెస్సుకి కాగితం బండి తోసుకెళ్తే, దాని యజమాని ఊ బా నన్ను గుమ్మంలో ఆపాడు. ఆయన బర్మా మనిషి. ప్రెస్సులో మాటలన్నీ బర్మా భాషలోనే నడిచేవి, ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

"చదవడం వచ్చా?" అన్నాడు.

"రాదయ్యా."

"బర్మా అక్షరాలు?"

"ఏ అక్షరాలూ రావు."

"దేవుడు పంపినట్టు వచ్చావు. రేపట్నుంచి రా."

ఆ రోజుల్లో పత్రిక అచ్చయ్యాక సర్కారు పరిశీలన ఆఫీసుకి, అంటే సెన్సారువాళ్లకి, తీసుకెళ్లి చూపించాలి. వాళ్లు ఎర్ర సిరాతో కొట్టేసిన వరుసల మీద ప్రతి కాపీలోనూ రంగు పూయాలి. పూసేవాడు చదవకూడదు. రేపెవరైనా పట్టుకుని "దాంట్లో ఏముంది?" అని అడిగితే నిజంగానే తెలియదనాలి. "అబద్ధం ఆడేవాడి మొహం వేరు, తెలియనివాడి మొహం వేరు. నాకు నీ మొహం కావాలి" అన్నాడు ఊ బా. అలా నా మొహానికి ఉద్యోగం వచ్చింది.

వెండి రంగు

నల్ల సిరా పూస్తే పక్క పేజీకి అంటుకుంటుంది. అందుకని అల్యూమినియం పొడిని వార్నీషులో కలిపి బ్రష్షుతో పూసేవాళ్లం. ఆరాక వెండిలా మెరిసేది. పత్రిక తెరవగానే జనం కళ్లు ముందు దానిమీదే పడేవి. గోటితో గీకేవాళ్లు, కిరసనాయిలు గుడ్డతో తుడిచేవాళ్లు, ఎండకి ఎత్తి వెనకనుంచి చదివేవాళ్లు. రంగు పూయని కథలు ఎవరూ చదవక అలాగే ఉండేవి. ఏది ముఖ్యమో ఆఫీసువాళ్లే గీత గీసి చూపిస్తున్నారని వాళ్లకి ఎన్నేళ్లయినా తట్టలేదు. పెద్ద కుర్చీల్లో తెలివైనవాళ్లు ఉంటారని నేను నమ్మడం మానేసింది అప్పుడే.

అక్కడే మా సయా పరిచయం. బర్మాలో సయా అంటే గురువు. ఆయన కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. ఉద్యోగం ఊడగొట్టారు, కొన్నేళ్లు లోపల పెట్టారు. బయటికొచ్చాక మా దగ్గర తప్పులు దిద్దే పనికి చేరాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక సీసం అచ్చులు ఒక్కోటీ నా అరచేతిలో పెట్టి అక్షరాలు నేర్పాడు. సీసం అచ్చులో అక్షరం తిరగబడి ఉంటుంది. నేను ముందు తిరగబడ్డ అక్షరం నేర్చుకుని, తర్వాత తిన్నటిది నేర్చుకున్నాను. అప్పటికి నా చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడుతున్నాయి. తెలుగు అక్షరాలు ఇంకా తర్వాత, పని మానేశాక, గుడిలో ఆదివారం బడికి మనవల వయసు పిల్లలతో కలిసి కూర్చుని నేర్చినవి. అందుకే ఇప్పటికీ పెదాలు కదలనిదే చదవలేను. లాభం ఏమిటంటే, అలా చదివింది మర్చిపోను.

సయా తన పేరుతో రాసినవి ఒక్కటీ బతికి బయటపడలేదు. ఆయన ఎదురుగా కూర్చుని ఆయన రాసినదాని మీద నేనే రంగు పూసేవాణ్ణి. "అంచు దాటి పోతున్నావు, నా పేరైనా మిగల్చరా" అనేవాడు. "పేరు కూడా కొట్టేశారు సయా" అంటే, "అయితే నీట్‌గా పూయి" అనేవాడు.

ఎలకల మందు

మీరు పేజీ కట్టడం నేర్చుకునేటప్పుడు ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. ఏ పేజీ అయినా ఒంటరిగా ఉండదు. దానికి వెనక పేజీ ఉంటుంది, పక్కన ఇంకొకటి ఉంటుంది.

ఒక సంచికలో పై పేజీ మీద దేశాన్ని ఏలే పెద్దాయన ఫోటో వేశాం. దానికి సరిగ్గా వెనక ఎలకల మందు ప్రకటన పడింది. దీపానికి ఎదురుగా పట్టుకుంటే పెద్దాయన నుదుటి మీద చచ్చిన ఎలక కనిపించింది. ఎవరూ కావాలని చేసింది కాదు, ఆ అంగుళం అక్కడ ఖాళీ ఉంది, అంతే. ప్రెస్సుకి సీలు వేశారు. ఊ బాని తీసుకెళ్లారు. తిరిగొచ్చాక ఆయన చేతిలో టీ కప్పు నిలిచేది కాదు. లోపల ఏమైందని అడిగితే "ఎలకల గురించి మాట్లాడుకున్నాం" అని నవ్వేవాడు. ఆ నవ్వుతోనే కొద్ది కాలానికి పోయాడు. ఆయన భార్య డో ఖిన్ ప్రెస్సు తీసుకుంది. చదువుకున్న మనిషి, మాట కరుకు. ఆ రోజు నుంచి ప్రతి పేజీనీ దీపానికి ఎత్తి చూసి గాని వదిలేది కాదు.

నా మాట ఏమిటంటే, ఏది దేని పక్కన ఉందో చూసి చదవడం ఈ దేశానికి నేర్పింది ఆ ఆఫీసే. వాళ్లు ఎలకల మందులో రాజద్రోహం చూశారు. జనం కూడా అలాగే చూడడం నేర్చుకున్నారు.

తడి కట్ట

రెండు వేల పదకొండు మొదట్లో టీ కొట్లలో టీవీలు అరబ్బు దేశాల వీధులు చూపించడం మొదలుపెట్టాయి. మన పేపర్లలో ఆ ముక్క లేదు. టీ తాగేవాళ్లు ఫుట్‌బాల్ గురించి గట్టిగా మాట్లాడుకుంటూ కళ్లు మాత్రం టీవీ మీంచి తీసేవాళ్లు కాదు. టునీషియా అనే దేశంలో కూరగాయల బండి తోసే కుర్రాడు ఒంటికి నిప్పు పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్లు దాటి కూర్చున్న పాలకుడు విమానం ఎక్కి పారిపోయాడు. వెంటనే ఈజిప్టు లేచింది.

మా అక్క కూతురు నీలమ్మ అప్పటికి మా ప్రెస్సులోనే కంప్యూటర్ మీద పేజీలు కట్టేది. ప్రెస్సులో "మా నీలా" అంటారు, బర్మావాళ్లు ఆడపిల్లల పేరు ముందు మా అని పెడతారు. టీ కొట్లో నా పక్కన కూర్చుని అడిగింది.

"ఏటి మామా, ఒక్క బండోడి కోసం దేసమంతా రోడ్డు మీదకి వొచ్చీసిందా? నాకు నమ్మకం లేదు."

"మెషీన్లో కాయితం ఇరుక్కుంటే నువ్వేటి సేస్తావు?"

"లాగీసి పారేస్తాను."

"అదే కొత్తోళ్ల పని. మళ్లీ ఇరుక్కుంటాది. కట్ట కింద సెయ్యెట్టి సూడాలి. కట్ట తడిసిపోయుంటే ఏ కాయితం ముందు ఇరుక్కుంటాదో దేవుడికే తెలాల."

"మరి మనకాడ?"

"నీ పుట్టుక ముందర ఇక్కడా అంతే. టీ కొట్లో కుర్రోళ్ల కొట్లాట. పెద్దోడి కొడుకుని వొదిలీసినారు. దాంతో ఊరంతా లేచింది. కొట్లాటదేటి, రోజూ అవుతాయి."

"మెల్లగా మామా, మెల్లగా" అని అది టీవీకేసి తిరిగి "గోల్!" అని అరిచింది. అక్కడ ఎవరూ ఆట ఆడడం లేదు. పక్క బల్లవాళ్లు మాత్రం చప్పట్లు కొట్టారు.

సయా అప్పటికి సంచౌంగ్ పేటలో ఒక గదిలో ఉండేవాడు. కళ్లకి పొర కమ్మింది. నీలమ్మ రోజూ వెళ్లి ఆయన చెప్పింది టైపు చేసుకొచ్చేది. "అరబ్బు జనం ఎందుకు లేచారు" అని పేరు పెట్టాడు. మన దేశం ఊసు ఒక్క చోట లేదు. బతికుండగా తన పేరుతో ఒక్కటైనా అచ్చులో వస్తే చాలని ఆయన కోరిక. వెలుగు బొత్తిగా పోకముందే రావాలి. డో ఖిన్ ఒప్పుకుంది. "ఊ బా ఉండి ఉంటే వేసేవాడు" అని ఆమె, "ఊ బా ఉండి ఉంటే వద్దనేవాడు" అని నేను.

నేను చదివినంతలో చాలా సులువైన రాత. అక్కడ గోధుమ ధర పెరిగింది, రొట్టె చాలలేదు. ఇళ్లనిండా డిగ్రీ చదివిన పిల్లలున్నారు, పనుల్లేవు. గవర్నమెంటు చూసుకోవాల్సిన నీళ్లూ దీపాలూ జనం సొంతంగా కొనుక్కుంటున్నారు. ఒకే మనిషి పదుల ఏళ్లు కూర్చుని, కుర్చీని కొడుక్కి తుడుస్తున్నాడు. ఒక పాలకుడు పారిపోవడం చూసేసరికి పక్క దేశంలో భయం సడలింది. అన్ని దేశాలూ ఒక్కలా లేవని కూడా రాశాడు. ఒక చోట సైన్యం పక్కకి తప్పుకుంది, ఇంకో చోట కాల్చింది. ఆఖర్న ఒక పేరా. దాని సంగతి తర్వాత.

కరెంటు పోయేలోగా

అప్పటికి రూలు మారింది, పూర్తిగా అచ్చవ్వకముందే పేజీ నకలు ఆఫీసుకి పంపాలి. సయా పేజీ పంపాం. సాయంత్రం దాకా కరెంటు ఉండే రోజది. మధ్యాహ్నం పేజీ వెనక్కి వచ్చింది. వ్యాసం పేరూ సయా పేరూ ఉంచారు. ఏం జరిగిందో చెప్పే మొదటి పేరా ఉంచారు: జనం పోగయ్యారు, గొడవలయ్యాయి, మంట పెట్టుకున్నారు. కారణాలన్నీ ఎర్ర గీత కింద పోయాయి. "ఎందుకు లేచారు" అని పైన ఉంది, ఎందుకో కింద లేదు.

మారిన రూలు ఇంకొకటి ఉంది. వెండి రంగు పూయకూడదు, ఖాళీ వదలకూడదు. ఏదీ కొట్టేయనట్టు కనిపించాలి. అందుకని ఆ జాగాలో ఆమోదం పొందిన చిన్న ప్రకటనలు అతికించడం మా అలవాటు.

సయా మెషీన్ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అచ్చు వాసన చూస్తానని నీలమ్మ చెయ్యి పట్టుకుని వచ్చాడు. డో ఖిన్ ఆయనకి ఎర్ర గీతలు చదివి వినిపించింది.

"తల ఉంచి మొండెం కోసేశారన్నమాట" అన్నాడు. "మొత్తం తీసెయ్. నా పేరు తీసెయ్."

"తీసేస్తే పేజీ అంతా ఖాళీ సయా. పొద్దున్నకి పేపరు బజార్లో ఉండాలి" అంది డో ఖిన్.

"అయితే నా శవం మీద సబ్బుల ప్రకటన వేసుకో."

నేను కింద దీపం వెలిగే లైటు బల్ల ముందు కూర్చుని పేజీ ఫిల్ములోంచి కారణాలను బ్లేడుతో కోస్తున్నాను. పెదాలు కదుపుతూ కోశాను, నాకు అలాగే వచ్చు. నీలమ్మ ప్రకటనల ఫిల్ములు తెచ్చి ఒక్కోటీ ఆ జాగాలో పెట్టి చూస్తోంది. రొట్టె చాలలేదన్న పేరా పోయిన చోట మొదట సరిగ్గా పట్టినది "నూకలు టోకుగా అమ్ముతాం." నీలమ్మ నా వంక చూసింది. నేను దాని వంక చూశాను.

"మామా, ఇది కావాలని ఎట్టలేదు, ఒట్టు."

"తెలుసు. కొవ్వొత్తులదేదీ?"

ఇక అక్కణ్ణుంచి కావాలనే. దీపాల చోట కొవ్వొత్తుల ఫ్యాక్టరీ, నీళ్ల చోట చేతి పంపు. డిగ్రీ పిల్లల చోట రెండు: "పాస్‌పోర్టు, మలేషియా పనులు, త్వరపడండి" ఒకటి, "నగల కొట్టు ఊడ్చేందుకు మనిషి కావాలి, పట్టభద్రులకు ప్రాధాన్యం" ఇంకొకటి. నీలమ్మ నోరు మూసుకుని నవ్వుతోంది, భుజాలు ఊగుతున్నాయి.

ఒక జాగా మిగిలింది. ఒకే మనిషి, కొడుకు, కుర్చీ అన్న పేరా ఉన్న చోటది. నా చేతిలో లత పేట నగల కొట్టు వాళ్లదే ఇంకో ప్రకటన ఉంది: "నలభై ఏళ్లుగా మీ ఆదరణ పొందిన మా దుకాణాన్ని ఇకపై మా అబ్బాయి నడుపుతాడు. మునుపటిలాగే సహకరించండి."

డో ఖిన్ వచ్చి చూసింది. నవ్వలేదు. పేజీ మొత్తం పైనుంచి కిందకి చదివింది.

"ఊ పైడ, నీకు ఎలక గుర్తుందా?" అంది. నా పేరు పైడయ్య. అక్కడ పెద్ద మగవాళ్ల పేరు ముందు ఊ పెట్టి అలా పిలుస్తారు.

"ఉంది."

"అప్పుడు తెలీక పడింది. ఇప్పుడు తెలిసి పెడుతున్నాం. ప్రెస్సు పోతే ఇంతమందికి పని పోతుంది. నన్ను తీసుకెళ్తే తిరిగొచ్చాక నా చెయ్యీ వణుకుతుంది."

"సబ్బుల ప్రకటన ఉంది, అది పెడతాను."

ఆమె సయా వైపు చూసింది. ఆయనకి ఇదేమీ కనపడదు. మెషీన్ వైపు మొహం పెట్టి సిరా వాసన పీలుస్తున్నాడు. ఆమె నా చేతిలోంచి నగల కొట్టు ఫిల్ము తీసుకుని తనే అతికించింది. తర్వాత పేజీని దీపానికి ఎత్తి వెనక ఏముందో చూసింది. ఫుట్‌బాల్ పట్టిక. "బేగి ప్లేటు వెయ్యండి, కరెంటు పోద్ది" అని నీలమ్మ తెలుగులో అరిచింది. మెషీన్ కుర్రాడు బర్మావాడే, అయినా పరుగెత్తాడు.

రాసివ్వండి

పేపరు బజార్లోకి వెళ్లిన పూటే మాయమైంది. నగల కొట్టాయన పరుగెత్తుకొచ్చి, "ఊరంతా నా కొట్టు పేరు చెప్పుకుని నవ్వుతున్నారు, నేనేం చేశాను?" అన్నాడు. మర్నాడు ఆఫీసునుంచి కబురు వచ్చింది. డో ఖిన్ వెళ్లింది. పాత సంచికల కట్ట మోయడానికని నేనూ వెళ్లాను. దారిలో బస్సులో ఆమె గొడుగు పిడిని పిసుకుతూ కూర్చుంది.

ఆఫీసరు నడివయసువాడు, మర్యాదస్తుడు. ముందు పేజీని కిటికీకి ఎత్తి వెనక చూశాడు. ఏమీ లేదు. తర్వాత ముందువైపు చదివాడు. చాలాసేపు చదివాడు.

"ఈ ప్రకటనలు ఇక్కడెందుకు?"

"ఖాళీ వదలొద్దన్నారు కదా. అన్నీ మీరు ఆమోదించినవే."

"ఇవి ఇక్కడ ఉండకూడదు."

"తప్పయిపోయింది. ఎందుకు ఉండకూడదో ఒక్క ముక్క రాసివ్వండి. గోడకి అంటించుకుంటాం, మళ్లీ జరక్కుండా."

ఆయన పెన్ను మూత తీశాడు. కాగితం దగ్గరికి లాక్కున్నాడు. ఏం రాస్తాడు? కొవ్వొత్తులమ్మితే జనం లేస్తారని రాయాలి. కొడుక్కి కొట్టు అప్పగిస్తే తిరుగుబాటు అని రాయాలి. మేం కోసేసిన కారణాలన్నీ తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. పెన్ను అలాగే గాల్లో ఉంది. నా జీవితంలో ఒక చదువుకున్న మనిషి అక్షరం కోసం అంత తడుముకోవడం ఎప్పుడూ చూడలేదు. చివరికి మూత పెట్టేశాడు.

"టీ తాగుతారా?" అన్నాడు.

టీ తాగాం. డో ఖిన్ కప్పు సాసర్లో టకటకలాడింది గాని ఒక్క చుక్క పడలేదు. రెండు సంచికలు ఆపమని నోటితో చెప్పారు. కాగితం ఇవ్వలేదు. బయటికొచ్చాక ఆమె మెట్ల మీద కూర్చుండిపోయి, చెప్పులు విడిచి, కాళ్లు చూసుకుంటూ చాలాసేపు నవ్వింది.

చెంపదెబ్బకి ప్రకటన లేదు

ఇక్కడితో ఆపితే బావుంటుందని నాకూ తెలుసు. కాని ఇది మీరు పనికి పనికొస్తుందని చదువుతున్నది కాబట్టి మిగతాది కూడా చెప్పాలి.

నేనూ నీలమ్మా పేపరు పట్టుకుని సంచౌంగ్ వెళ్లాం. గెలిచొచ్చిన వాళ్లలా మెట్లెక్కాం. నీలమ్మ పేజీ అంతా చదివి వినిపించింది, ప్రకటనలతో సహా. ఆఫీసులో పెన్ను సంగతీ టీ సంగతీ నేను చెప్పాను. సయా నవ్వలేదు.

"నూకలు బావున్నాయి. కొవ్వొత్తులు బావున్నాయి. కొడుకు ఇంకా బావున్నాడు" అన్నాడు. "ఆఖరి పేరా చోట ఏం పెట్టారు?"

దాని చోట ఏమీ పెట్టలేదు. పై ప్రకటనలు కాస్త ఎడంగా జరిపితే ఆ జాగా సర్దుకుపోయింది.

"చెంపదెబ్బకి ప్రకటన దొరకలేదా?" అన్నాడు. "నేను మిగతావన్నీ రాసింది ఆ పేరా కోసం. జనానికి నవ్వు పంచారు. నవ్వుకుని టీ తాగి ఇంటికి పోయారు. మీరూ తాగారు కదా, ఆఫీసులో."

నాకు కోపం వచ్చింది. "ప్రెస్సు పోయేది సయా. డో ఖిన్‌ని లోపలెట్టేవాళ్లు" అన్నాను. "తెలుసు" అన్నాడు. "నీకంటే నాకు బాగా తెలుసు, లోపల ఎలా ఉంటుందో. నేను తిట్టడం లేదు. లేనిది లేదంటున్నాను." గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు గాని ఆ పేజీ ఊసు మళ్లీ ఎత్తలేదు. మరుసటి ఏడు ముందస్తు పరిశీలన ఎత్తేశారు. అప్పటికి ఆయన లేడు. ఎత్తిన చెయ్యి ఎప్పుడైనా దిగొచ్చు, దాని సంగతి మీరే చూసుకోండి. డో ఖిన్ ప్రెస్సు అమ్మేసింది. సయా చెబితే టైపు చేసిన కాగితాలు పరిశీలన ఆఫీసులోనే ఉండిపోయాయి, కంప్యూటర్లో ఉన్నది ప్రెస్సుతో పాటే పోయింది. ఫిల్ము ముక్కలు ఆ సాయంత్రమే చెత్తలో పోయాయి.

ఎవరు తప్పు, ఎవరు ఒప్పు అని నన్ను అడగొద్దు. రోజుకో రకంగా తోస్తుంది. ఒక రోజు ఆ పెన్ను గాల్లో ఆగిపోవడం గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఇంకో రోజు గోడ వైపు తిరిగిన ఆయన వీపు గుర్తొస్తుంది, కూర్చోలేను. లేచి వాగు దాకా నడిచొస్తాను. అయినా కుదురుండదు.

చెప్పాను కదా, పెదాలు కదిపి చదివింది నేను మర్చిపోను. లైటు బల్ల మీద కోస్తూ చదివిన ఆ ఆఖరి పేరా బర్మా భాషలో ఉంది, ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. అది ఇది:

"ధర పెరిగితే మనిషి ఒక పూట మానుకుంటాడు. పని దొరక్కపోతే పరాయి దేశం పోతాడు. ముసలి పాలకుడు దిగకపోతే అతని చావు కోసం ఎదురు చూస్తాడు. ఇవన్నీ ఓర్చుకున్నారు కాబట్టే ఆ ప్రభుత్వాలు అన్నేళ్లు ఉన్నాయి. కూరగాయల కుర్రాడు కూడా ఓర్చుకున్నవాడే. చెంపదెబ్బ కొట్టి తక్కెడ లాక్కున్నారని అతని ఇంటివాళ్లు చెబుతున్నారు. అతను వెంటనే నిప్పు పెట్టుకోలేదు. ముందు ఆఫీసుకి వెళ్లాడు. నాకు ఇలా జరిగింది, వినండి అన్నాడు. ఎవరూ బయటికి రాలేదు. జరిగింది జరగనట్టే ఉండిపోయింది. ఇప్పుడు అందరూ కారణాన్ని నిప్పు దగ్గర వెతుకుతున్నారు. ఆ ఆఫీసు తలుపు దగ్గర వెతకాలి."